కట్లపాము కాటు, చేతిలో అంబూ బ్యాగు, మూడు గంటల దారి: సిరొంచ సరిహద్దులో నర్స్ ప్రాక్టీషనర్ల అత్యవసర శిక్షణకు ఒక కేసు

ఇది ఏ ఒక్క రోగి కేస్ షీటూ కాదు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, తెలంగాణ సరిహద్దులో, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే సిరొంచ తాలూకా లాంటి చోట వానాకాలపు కట్లపాము కాట్లలో మాటిమాటికీ కనిపించే లక్షణాలను, మాటిమాటికీ దొర్లే పొరపాట్లను ఒకే రోగిలో కూర్చి, పీజీ స్థాయి నర్స్ ప్రాక్టీషనర్ల అత్యవసర శిక్షణ కోసం అల్లిన కేసు. రోగి కల్పితం. మోతాదులూ లెక్కలూ మాత్రం వార్డులో వాడేవే.

ఈ కేసే ఎందుకు

భారత నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు రెండేళ్లది, రెసిడెన్సీ పద్ధతిలో నడుస్తుంది. బీఎస్సీ నర్సింగ్ చదివి కనీసం ఏడాది అనుభవం ఉన్నవాళ్లు చేరతారు. ఐదో వంతు క్లాసు, మిగతాదంతా రోగుల దగ్గరే. ఎమర్జెన్సీ, డిజాస్టర్ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా వేరే ఉంది. చదువులో లోటు లేదు. చిక్కంతా చదివిన చోటుతోనే. రెసిడెన్సీ పెద్దాసుపత్రి ఐసీయూలో గడుస్తుంది. అక్కడ మంచం పక్కనే వెంటిలేటర్, గోడలోనే ఆక్సిజన్, కేకేస్తే పలికే అనెస్థటిస్ట్. అదే మనిషి 30 పడకల గ్రామీణ ఆస్పత్రికి వస్తే గోడలో ఆక్సిజన్ ఉండదు, సిలిండర్ ఉంటుంది. సిలిండర్ ఉన్నా దాని వాల్వు తిప్పే తాళంచెవి ఎక్కడుందో వెతుక్కోవాలి.

కట్లపాము కాటు ఈ తేడాని నిర్దాక్షిణ్యంగా బయటపెడుతుంది. ఇక్కడ రోగిని బతికించేది ప్రధానంగా మందు కాదు, ఊపిరి. ఆ ఊపిరి కొన్ని గంటల పాటు మన చేతుల్లోనే ఉంటుంది.

రోగి వచ్చినప్పుడు

ఆగస్టు, తెల్లవారి 5:10. పందొమ్మిదేళ్ల కూలీ పిల్ల, బరువు 45 కిలోలు. పత్తి చేలో గుడిసెలో నేల మీద చాప పరుచుకుని పడుకుంది. అర్ధరాత్రి దాటాక భుజం దగ్గర చీమ కుట్టినట్టయితే గోక్కుని మళ్లీ నిద్రపోయింది. 3:30కి కడుపునొప్పి, ఒక వాంతి. ఊళ్లో ఆర్ఎంపీ గ్యాస్ అని ఇంజెక్షన్ చేశాడు. తగ్గకపోతే తల్లి, బావ బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తెచ్చారు.

నాడి 104, బీపీ 138/88, శ్వాస నిమిషానికి 20, ఆక్సిజన్ 97 శాతం, జ్వరం లేదు. పొట్ట నొక్కితే మెత్తగా ఉంది. నొప్పి మాత్రం మెలిపెడుతోంది. ఈ పొంతన లేకపోవడమే మొదటి ఆధారం. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో వచ్చి, పొట్ట మెత్తగా ఉంటే, గ్యాస్ అని రాసేముందు కళ్లు చూడాలి. కట్లపాము కోరలు చిన్నవి, కాటు చాలాసార్లు నొప్పి పుట్టదు, వాపు రాదు, గాటు కనిపించదు. గాటు కోసం ఒళ్లంతా వెతుకుతూ పది నిమిషాలు పోగొట్టుకోవడం శిక్షణలో ఉన్నవాళ్లు చేసే పని.

"పైకి చూడు బిడ్డా, నా వేలు చూడు. రెప్ప వేయకు."

వేలు నుదుటికి ఎగువన పట్టుకుని ఒక నిమిషం ఆపాలి. మొదటి పది సెకన్లు రెండు కళ్లూ మామూలుగానే ఉంటాయి. ఇరవై, ముప్ఫై సెకన్లకి ఎడమ రెప్ప కొద్దిగా జారుతుంది, పిల్ల నుదురు ముడిచి దాన్ని పైకి లాగబోతుంది. ఆ ముడత చూడాలి. రెప్ప వాలిందా లేదా అన్న అనుమానం కంటే ముందే నుదురు చెప్పేస్తుంది. తల్లి "రాత్రంతా నిద్ర లేదు సిస్టరమ్మా, అందుకే కళ్లు మూతలు పడుతున్నయ్" అంటుంది. నిద్రమత్తు రెప్ప పిలిస్తే లేస్తుంది. ఇది లేవదు.

తర్వాత వరసగా: నోరు పూర్తిగా తెరవగలదా, నాలుక పెదవి దాటి వస్తోందా, దిండు మీంచి తల ఎత్తి అయిదు సెకన్లు ఆపగలదా, ఉమ్మి మింగుతోందా. చివరగా ఒకే ఊపిరిలో ఎంతవరకు లెక్కపెడుతుంది. నిండుగా గాలి పీల్చి, అరసెకనుకో అంకె చొప్పున. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు 30 దాటిపోతారు. ఈ పిల్ల 5:20కి 18 దగ్గర ఆగింది.

ఇక్కడ సరిహద్దు జిల్లాలకే ప్రత్యేకమైన తిరకాసు ఒకటుంది. ఒక సిస్టర్ మరాఠీలో, మరో సిస్టర్ తెలుగులో లెక్కపెట్టిస్తే ఆ రెండు అంకెలనూ పోల్చలేం. "పదకొండు, పన్నెండు" పలకడానికి పట్టే గాలి వేరు. ఏ భాషలో మొదలుపెడితే చివరిదాకా అదే భాష, ఆ భాష పేరు చార్టు మీద రాయాలి. అంకెలు రానివాళ్లతో ఒకటి నుంచి పది వరకే మళ్లీ మళ్లీ చెప్పించాలి. పాము పేర్లతోనూ ఇదే గొడవ. తెలుగువాళ్లు కట్లపాము అంటారు, మరాఠీ సిబ్బంది మణ్యార్ అని రాస్తారు. రక్తపింజర అక్కడ ఘోణస్. గోండి మాట్లాడే కుటుంబం మూడో పేరు చెప్తుంది. పేరు కాదు, లక్షణం రాయాలి.

రక్తపరీక్ష, ఒక గాజు గొట్టం

20 నిమిషాల గడ్డకట్టే పరీక్షకి 2 మి.లీ. రక్తం, కొత్తదీ పొడిదీ అయిన గాజు టెస్ట్ ట్యూబు, కదిలించని చోటు చాలు. 20 నిమిషాలయ్యాక ఒక్కసారి వంచి చూడాలి. ఈ కేసులో గడ్డకట్టింది. రక్తాన్ని గడ్డకట్టనివ్వని పింజర జాతి విషానికి సాక్ష్యం లేదు, నరాల విషమే. తప్పు ఎక్కడొస్తుందంటే ట్యూబులో. ప్లాస్టిక్ ట్యూబులో రక్తం గడ్డకట్టకపోవచ్చు. సబ్బుతో కడిగిన గాజులో కూడా అంతే. ఆ తప్పుడు ఫలితం చూసి పింజర అనుకుంటే, ఊపిరి మీద ఉండాల్సిన కన్ను మూత్రం రంగు మీదికి పోతుంది. క్యాజువాల్టీ డ్రాయర్లో అట్టపెట్టెలో పది గాజు ట్యూబులు విడిగా, "కడగొద్దు, వాడి పారేయండి" అన్న చీటీతో ఉండాలి.

విరుగుడు మందు

మనకి దొరికే ఏఎస్‌వీ (యాంటీ స్నేక్ వీనం, పాము విషానికి విరుగుడు) నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ కలిపి చేసింది. మొదటి విడత 10 వయల్స్. చిన్నపిల్లలకైనా అంతే, ఎందుకంటే పాము మనిషి బరువు చూసి విషం వదలదు.

పొడి వయల్‌లో 10 మి.లీ. స్టెరైల్ వాటర్ పోసి అరచేతుల మధ్య తిప్పాలి. ఊపకూడదు. ఊపితే నురగ వస్తుంది, నురగ సిరంజిలోకి రాదు, మందు వయల్‌లోనే మిగిలిపోతుంది. ఒక్కరే కలిపితే పది వయల్స్‌కి అరగంట పడుతుంది, ఇద్దరు కూర్చుంటే పదిహేను, ఇరవై నిమిషాలు. 500 మి.లీ. సెలైన్ బాటిల్‌లోంచి ముందే 100 మి.లీ. తీసేసి, ఆ చోట ఈ 100 మి.లీ. మందు ఎక్కించాలి. 18 గేజ్ లైన్లు రెండు: ఒకటి ఏఎస్‌వీకి, రెండోది అత్యవసరానికి.

బాటిల్ తగిలించేముందే అడ్రినలిన్ సిరంజిలో తీసి లేబుల్ అంటించాలి. ఈ వరస తప్పితే ముందుకు సాగనివ్వం. మొదటి పది నిమిషాలు నిమిషానికి 2 మి.లీ., అంటే 20 చుక్కలకి 1 మి.లీ. పడే సెట్‌తో 40 చుక్కలు. తేడా లేకపోతే వేగం పెంచి మొత్తం గంటలో పూర్తి చేయాలి. పెంచాక చుక్కలు కంటితో లెక్కపెట్టలేం, ధారలా పడుతుంటాయి. బాటిల్ మీద ప్లాస్టర్ అంటించి ప్రతి పది నిమిషాలకీ 100 మి.లీ. దిగాల్సిన గీత గీస్తే సరిపోతుంది.

5:45కి మొదలైంది. 5:57కి పిల్ల మెడ గోక్కుంది, దద్దుర్లు, పొడిదగ్గు. శిక్షణ గదిలో ఎన్నిసార్లు ఈ ఘట్టం నడిపినా పదిమందిలో సగం మంది చెయ్యి ముందు ఎవిల్ (అలర్జీ ఇంజెక్షన్) వైపు పోతుంది, తర్వాత డెకా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్) వైపు. అలవాటు అలాంటిది. సరైన వరస: బాటిల్ ఆపు, అడ్రినలిన్ 1:1000 ద్రావణం 0.5 మి.లీ. తొడ బయటివైపు కండరంలోకి, ఆక్సిజన్, ఆ తర్వాతే ఎవిల్, హైడ్రోకార్టిజోన్. తగ్గకపోతే అయిదు నుంచి పది నిమిషాల్లో అడ్రినలిన్ మళ్లీ. 6:10కి దద్దుర్లు అణిగాయి, బాటిల్ నెమ్మదిగా మళ్లీ మొదలైంది. రియాక్షన్ వచ్చిందని ఏఎస్‌వీ మానేయకూడదు.

నియోస్టిగ్మిన్ కూడా ప్రయత్నించాలి, ఎందుకంటే చీకట్లో కరిచింది నాగుపాము కాదని ఎవరూ ప్రమాణం చేయలేరు. ముందు అట్రోపిన్ 0.6 మి.గ్రా., వెంటనే నియోస్టిగ్మిన్ 1.5 మి.గ్రా. నరం, కండరం కలిసే చోట నాగుపాము విషం కండరం వైపు తాళం వేస్తుంది, ఈ మందు ఆ తాళాన్ని కొంత వదులు చేస్తుంది. కట్లపాము విషం నరం కొసనే పాడుచేస్తుంది, అక్కడ పనిచేయడానికి ఈ మందుకి ఏమీ మిగలదు. అరగంటకోసారి అట్రోపిన్‌తో కలిపి 0.5 మి.గ్రా. ఇస్తూ, మూడు మోతాదులకీ రెప్ప లేవకపోతే ఆపేయాలి. ఏఎస్‌వీ కూడా ఒకసారి చెడిన నరం కొసని బాగుచేయదు, ఒంట్లో ఇంకా తిరుగుతున్న విషాన్నే పడుతుంది. నరాల విషానికి మొత్తం 20 వయల్స్ దాటి పోయడం మందు దండగ. "ఇంకో పది వేయండి" అన్న ఒత్తిడి బంధువుల నుంచే కాదు, ఫోన్లో అవతలి డాక్టర్ నుంచి కూడా వస్తుంది.

ఊపిరి తగ్గడం

ఒకే ఊపిరి లెక్క 5:20కి 18, 5:50కి 14, 6:25కి 9. గొంతులో గురగుర, ఉమ్మి పెదవి చివర కారుతోంది. ఆక్సిజన్ శాతం మాత్రం 96.

ఈ 96 అసలు మోసం. ముక్కుకి ఆక్సిజన్ పెట్టాక శాతం బాగానే కనిపిస్తుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంటుంది. వేలికి తగిలించిన క్లిప్పు పడిపోయేది చివర్లో, ఒక్కసారిగా. అందుకే ఈ కేసులో నిర్ణయం మానిటర్ మీద కాదు, అంకెల వరస మీద. 15 కిందికి జారిందంటే శ్వాసనాళంలోకి వేసే గొట్టం సామాను మంచం మీదకి రావాలి. 10 దగ్గర ఇక ఆగకూడదు.

గొట్టం వేసేది వైద్యాధికారి, పక్కన నర్స్ ప్రాక్టీషనర్. ఆస్పత్రి స్టాండింగ్ ఆర్డర్ రాతపూర్వకంగా ఉంటే, వైద్యాధికారి వచ్చేలోపు ఐ-జెల్ (గొంతులో, శ్వాసనాళం పైన కూర్చునే మెత్తని గొట్టం) వేసి అంబూ బ్యాగుతో, అంటే చేత్తో నొక్కి గాలి పంపే సంచితో, ఊపిరి ఇవ్వడం నర్స్ పని. 45 కిలోలకి 3వ సైజు. ఆ ఆర్డర్ లేని చోట మాస్క్, బ్యాగు. ఇద్దరుంటే ఒకరు రెండు చేతులతో మాస్క్ బిగించి దవడ పైకెత్తాలి, రెండోవారు బ్యాగు నొక్కాలి.

కండరాలు సడలిపోయాయి కాబట్టి నోరు సులువుగా తెరుచుకుంటుంది, మత్తు అక్కర్లేదనిపిస్తుంది. అది క్రూరమైన పొరపాటు. ఈ పిల్లకి పూర్తి స్పృహ ఉంది. మత్తుకి కెటమిన్ 50 మి.గ్రా. ఇచ్చాకే లారింజోస్కోప్ (గొంతు లోపల చూసే పరికరం). 7 సైజు ట్యూబు, పళ్ల దగ్గర 21 సెం.మీ. గుర్తు. ముందు కడుపు మీద స్టెతస్కోప్, తర్వాత రెండు వైపులా ఛాతీ. కార్బన్ డయాక్సైడ్ చూపే చిన్న పరికరం ఉంటే అదే తుది సాక్ష్యం. ఆస్పత్రికి ఒకటి కొనమని అడగాల్సిన వస్తువుల్లో మొదటిది అదే, మరో మానిటర్ కాదు.

కొద్దిసేపటికి కనుపాపలు పెద్దవై వెలుతురుకి కదలవు. కాళ్లూ చేతులూ కదలవు. కొత్తవాళ్లు టార్చి వేసి చూసి ఇక లాభం లేదనుకునే క్షణం ఇది. కట్లపాము విషం కనుపాప కండరాన్నీ పడగొడుతుంది, మెదడు బాగానే ఉంటుంది. ఆమె అన్నీ వింటుంది. మంచం దగ్గర "కష్టమే" అనే మాట రాకూడదు. ఏం చేయబోతున్నామో చెప్పి చేయాలి. రెప్పలు మూసి, కంటి ఆయింట్‌మెంట్ రాసి, మెత్తని ప్లాస్టర్ అంటించాలి. లేకపోతే కన్ను ఎండి పుండు పడుతుంది.

దారి లెక్క

అంబులెన్స్‌కి ఫోన్ చేసేది గొట్టం వేశాక కాదు, రెప్ప వాలడం చూసిన వెంటనే. నది ఒడ్డున మొబైల్ ఒక్కోసారి అవతలి టవర్ పట్టుకుంటుంది, అప్పుడు 108 నొక్కితే అవతలి రాష్ట్రం కాల్ సెంటర్ పలకొచ్చు. ఆస్పత్రి బండి డ్రైవర్ నంబరు గోడ మీద ఉండడం అందుకే.

ఎటు పంపాలి? గడ్చిరోలి జిల్లా కేంద్రం 353సి జాతీయ రహదారి మీద ఆలపల్లి మీదుగా రెండు వందల కిలోమీటర్ల పైమాట. గోదావరి వంతెన దాటి కాళేశ్వరం, మహాదేవపూర్, భూపాలపల్లి మీదుగా వరంగల్ దాదాపు 120. రాష్ట్రం మారుతుందన్న సంకోచం కాగితాల్లో ఉండొచ్చు, రోగికి లేదు. అవతల వెంటిలేటర్ ఖాళీ ఉందని ఫోన్లో నిర్ధారించుకుని, పలికిన మనిషి హోదా, సమయం రాసుకోవాలి.

వానలో మూడు గంటలు అనుకుందాం. బ్యాగుకి నిమిషానికి 10 లీటర్లు. 180 నిమిషాలకి 1800 లీటర్లు, బండి ఆగిపోతే అని సగం అదనం, మొత్తం 2700. నిండు బి-టైప్ సిలిండర్‌లో ఉండేది 1500 లీటర్లు. అందులో నీళ్లు పోస్తే పట్టేది 10 లీటర్లు కాబట్టి, ఒత్తిడిని కిలోల్లో చూపే గేజి అంకెని 10తో గుణిస్తే మిగిలిన లీటర్లు తెలుస్తాయి. 150 చూపిస్తే 1500, 80 చూపిస్తే 800. అంటే రెండు నిండు సిలిండర్లు కావాలి, ఒకటిన్నర కుదరదు. తాళంచెవులు రెండు, ఒకటి సిలిండర్‌కే తాడుతో కట్టి. రెగ్యులేటర్ వాషర్ ఒకటి అదనంగా జేబులో. సిలిండర్ మార్చేటప్పుడు పాత వాషర్ పడిపోతే, నిండు సిలిండర్ పెట్టుకుని కూడా బుస్సుమని వదిలేయడమే.

బ్యాగు నొక్కడం చూడ్డానికి సులువు. సెకను పాటు నొక్కు, ఛాతీ లేస్తే చాలు, వదిలి అయిదు లెక్కపెట్టు. నిమిషానికి పది. భయం పట్టిన చేయి పాతిక, ముప్ఫై నొక్కుతుంది. ఊపిరితిత్తుల్లో గాలి బయటికి రాకుండా నిలిచిపోయి బీపీ పడిపోతుంది, అది విషం వల్ల అనుకుని సెలైన్ ఎక్కిస్తారు. పదిహేను నిమిషాలకోసారి చేతులు మారాలి. బావకి కూడా నేర్పి కూర్చోబెట్టాలి, కానీ ట్యూబు పట్టుకునే చేయి ఎప్పుడూ నర్స్‌దే. గుంతలో బండి ఎగిరినప్పుడు ట్యూబు జారుతుంది. ప్రతి పెద్ద కుదుపు తర్వాత 21 గుర్తు చూడాలి, ఛాతీ చూడాలి. సక్షన్ మెషీన్ బ్యాటరీ మీద నడుస్తుందో లేదో కదలకముందే చూడాలి. కాలితో తొక్కేది ఉంటే ఇంకా మేలు. మత్తు మందు మిడజోలాం 1, 2 మి.గ్రా. చొప్పున ఎప్పుడివ్వాలో వైద్యాధికారి సంతకంతో ముందే రాసి ఉండాలి, వంతెన దాటాక సిగ్నల్ కోసం వెతుక్కోకుండా.

ఏఎస్‌వీ బాటిల్ 7:15కి పూర్తయింది, 7:25కి బండి కదిలింది. రెఫరల్ కాగితం మరాఠీలో రాస్తే అవతల చదివేవాళ్లు దొరకరు. ఇంగ్లిష్‌లో, 24 గంటల గడియారంతో: రెప్ప వాలిన సమయం, ఊపిరి లెక్కలు మూడూ, లెక్కపెట్టిన భాష, ఏఎస్‌వీ వయల్స్, బ్యాచ్ నంబరు, రియాక్షన్, నియోస్టిగ్మిన్ ఎన్నోసారి, ట్యూబు సైజు, లోతు. అడుగున పెద్దక్షరాలతో "స్పృహలో ఉంది, కనుపాపలు విషం వల్ల".

శిక్షణలో ఈ కేసు నడిపే తీరు

గంటన్నర, నలుగురు. గడువు తీరిన ఏఎస్‌వీ వయల్స్ పారేయకుండా దాచి, వాటితోనే కలపడం నేర్పాలి. నురగ ఎలా వస్తుందో పటంలో చెప్పలేం. శిక్షణకి వాడే మనిషి బొమ్మకి రెప్ప వాలదు కాబట్టి ఆ భాగానికి శిక్షకుల్లో ఒకరు రోగిగా కూర్చోవాలి. బ్యాగు పరీక్ష నలభై నిమిషాలు ఏకబిగిన. మొదటి అయిదు నిమిషాలు అందరూ పది మీదే ఉంటారు. ఇరవయ్యో నిమిషంలో పక్కన కబురు మొదలుపెట్టి లెక్క తీసుకుంటే అసలు సంగతి తెలుస్తుంది. నెలల తరబడి ఐసీయూలో వెంటిలేటర్ అంకెలు దిద్దినవాళ్లు ఇక్కడ తప్పడం సిగ్గుపడాల్సింది కాదు, వాళ్లకి ఆ చేతిపని ఎవరూ చెప్పలేదంతే. పీజీ శిక్షణలో కనీసం రెండు నెలలు, అందులో ఒక వానాకాలపు నెల, ఇలాంటి గ్రామీణ ఆస్పత్రి రాత్రి డ్యూటీలో ఉండాలన్నది ఈ కేసు రాసినవాళ్ల గట్టి అభిప్రాయం.

సిలిండర్ లెక్క కాగితం మీద కాదు, గేజి ముందు నిలబడి నోటితో చెప్పించాలి.

తిరిగొచ్చాక

ఇలాంటి రోగులు వెంటిలేటర్ మీద కొన్ని రోజులు, ఒక్కోసారి వారం దాటి ఉంటారు. నరం కొస మళ్లీ మొలవాలి, దాన్ని తొందరపెట్టే మందు లేదు. చాలామందికి బలం పూర్తిగా తిరిగొస్తుంది. ఇంటికొచ్చాక అయిదు రోజుల నుంచి రెండు వారాల మధ్య జ్వరం, కీళ్ల నొప్పులు, దద్దుర్లు వస్తే అది ఏఎస్‌వీ ఆలస్యపు రియాక్షన్, మలేరియా జిల్లాలో దాన్ని మలేరియా అనుకోవడం మామూలే. మలేరియా టెస్టు చేస్తూనే ఏఎస్‌వీ తేదీ అడగాలి. తల్లికి దోమతెర ఇచ్చి, చాప కిందికి అంచులు ఎలా దోపాలో గుడిసెలోనే చూపించాలి. మంచం కొనలేని ఇంట్లో కట్లపాముకి అడ్డం అదే. ఈ పని ఆశా కార్యకర్తది, కానీ ఆమెకి ఫోన్ చేసి చెప్పాల్సింది ఆ రాత్రి రెప్ప వాలడం చూసిన నర్సే.